అర్ధశేరు ఆయిలు

మా అన్నయ్యకి ముక్కు మీద కోపం. ఆ కోపానికి భయపడి నేనొక వెధవ పని చేశాను. దాన్ని ముందే చెప్పేస్తున్నాను. ఒకసారి దాచి చూశాను కాబట్టి, దాస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

డెబ్బైల్లో పామర్రులో, బందరు రోడ్డు పక్కన, నాకో రేకుల షెడ్డు ఉండేది. ఆయిలింజన్లు బాగుచేసేవాణ్ణి. కాలువ చివరి భూములకి నీరెక్కనప్పుడు రైతులు బోదె కాలువ దగ్గర పెట్టి తోడుకునే ఇంజన్లవి. మొండి ఘటాలు. మట్టి పడినా, వాన పడినా ఆడతాయి. వాటిలో ఏ డబ్బాలో ఏది మిగిలితే అది పోసేవాళ్ళం, అవీ తాగేవి. ఇంజన్ల గురించి నా చదువంతా వాటి దగ్గరే.

అన్నయ్య హైస్కూల్లో లెక్కల మాస్టారు. మనిషి సన్నగా, తెల్ల పంచె నలగకుండా ఉండేవాడు. ఆయన్ని చూస్తే రేసు బండి ఉందని ఎవరూ అనుకోరు. ఒకప్పుడు కాలువల మీద పనిచేసిన ఇంగ్లీషు ఇంజనీరొకడు స్వదేశం పోతూ వదిలేసిన బండది. విజయవాడలో ఒక గోడౌన్లో గోనెపట్టాల కింద పడి ఉంటే అన్నయ్య కనిపెట్టి తెచ్చుకున్నాడు. రేసుల కోసమే చేసిన బండి. ఒంటి సిలిండరు, ఐదువందల సీసీ. లైటు లేదు, కిక్కు లేదు. గేరులో వేసి, క్లచ్చి నొక్కిపట్టి, తోసుకుంటూ పరిగెత్తి, ఊపందుకున్నాక ఎగిరి కూర్చుంటూ క్లచ్చి వదలాలి. అలాంటిది మన జిల్లాలో ఇంకోటి లేదు. మద్రాసు దగ్గర పాత విమానాల మైదానంలో రేసులు పెడితే అన్నయ్య రెండుసార్లు రైలు మీద వేసుకుని తీసుకెళ్ళాడు. ఇంట్లో పెళ్ళి మాటెత్తితే లేచి బండి తుడవడానికి వెళ్ళిపోయేవాడు.

ఆ ఇంజనుకి ఆముదమే పొయ్యాలి. మామూలు ఇంజనాయిలు ఆ వేడికి పలచబడిపోతుందని అన్నయ్య చెప్పేవాడు. విజయవాడ వెళ్ళి గానుగాముదం తెచ్చి, పాత పంచెగుడ్డలో మూడుసార్లు వడగట్టి, ఒక రేకు డబ్బాలో పోసి షెడ్డులో నా బల్ల కింద పెట్టేవాడు. "ఒరేయ్, ఇందులో ఇంకో నూనె చుక్క కలిసినా ఊరుకోను. రెండూ కలవవు, విరిగిపోతాయి" అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. నాకు తెలియక చేశానని చెప్పుకోడానికి వీల్లేకుండా చెప్పాడు.

మా ఇంట్లో ఆముదానికి మరో గిరాకీ కూడా ఉండేది. నా కూతురికి అప్పుడు మూడో నెల. అమ్మ రోజూ దాని మాడుకి ఆముదం పెట్టి, ఒళ్ళంతా రాసి, కాళ్ళ మీద బోర్లా వేసుకుని స్నానం చేయించేది. కొట్లో ఆముదం మడ్డిగా ఉంటోందని, అన్నయ్య వడగట్టిన ఆముదం తేటగా ఉందని, నన్నడిగేది. నేను గిన్నెతో తీసి ఇచ్చేవాణ్ణి. ఇలా రోజూ ఇస్తూ డబ్బా వంక చూసుకోలేదు.

అది కాలువలు కట్టేసిన వేసవి. బడికి సెలవులు. ఆ సాయంత్రం బండి తీస్తానని, ఆయిలు చూసి ఉంచమని పొద్దున్న అన్నయ్య చెప్పి వెళ్ళాడు. చూస్తే బండి ఆయిలు ట్యాంకులో ఆముదం బాగా దిగిపోయి ఉంది. డబ్బా ఎత్తితే అడుగున గరిటెడు కూడా లేదు. ఆముదం ఏమైందిరా అని అడుగుతాడు. పిల్ల మాడుకి పెట్టామంటే రోడ్డు మీద అందరూ వినేలా అరుస్తాడు. పక్కనే ఆయిలింజన్లకి పోసే నల్ల డబ్బా ఉంది. అర్ధశేరు కొలిచి పోశాను. వెలితి పూడింది. మూత బిగించి చేతులు తుడుచుకున్నాను.

కాలువ గట్టు మీద మైలు దూరం పోయాడో లేదో వెనక చక్రం బిగుసుకుపోయింది. అన్నయ్య ఒక పక్కకి పడ్డాడు. బండి జారుకుంటూ వెళ్ళి, ఎదురుగా చేపల గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒకావిడని కొట్టింది. నేను సైకిలు మీద వెళ్ళేసరికి అన్నయ్య మోకాలి కింద విరిగిన కాలు పట్టుకుని, "నన్నొదిలెయ్యండి, ఆవిణ్ణి చూడండి" అని కేకలు పెడుతున్నాడు. ఆవిడ మట్టిలో పడి ఉంది. చుట్టూ గంపలోంచి పడ్డ చేపలు. ఆవిడకి తుంటి ఎముక విరిగింది.

అన్నయ్య కాలు అతుక్కుంది గాని అంగుళం పొట్టిదైంది. ఆవిడ మళ్ళీ గంప ఎత్తలేదు. ఊళ్ళో వాళ్ళంతా ఒకటే మాట: "మాస్టారికి ఆ స్పీడెందుకండీ?" ముందే ఇంజను పట్టేసి బిగుసుకుంటే పడ్డాడా, పడ్డాక దెబ్బకి బిగిసిందా ఎవరికీ తెలియదు. అన్నయ్యకీ తెలియదు. గేరు దించడంలో తొందరపడ్డానేమో అని తనే అనేవాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు.

అప్పటినించి ప్రతి ఆదివారం అన్నయ్య గుడివాడ మీదుగా బస్సెక్కి, కొల్లేటి వైపు ఉన్న ఆవిడ పల్లెకి వెళ్ళేవాడు. ఆవిడ కొడుకు పడవ మీద చేపలకి పోతే, ఆవిడ అరుగు మీద కూర్చుని ఎండు చేపలు ఏరేది. అన్నయ్య ఒక సీసాడు ఆముదం తీసుకెళ్ళేవాడు, వెచ్చచేసి తుంటికి రాసుకోడానికి. సాయంత్రం దాకా ఆ అరుగు మీదే కూర్చుని వచ్చేవాడు. ఏం మాట్లాడుకుంటారు అంటే చెప్పేవాడు కాదు.

మూడు వేసవులు గడిచాయి. బండి షెడ్డు మూలన పట్టా కింద ఉంది. ఒకరోజు అన్నయ్య బడినించి తిన్నగా నా దగ్గరకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇంజను విప్పరా."

"ఇప్పుడెందుకన్నయ్యా?"

"అది పట్టేసి నన్ను పడేసిందా, నేనే పడేశానా? విప్పితే పిస్టనే చెబుతుంది. వేడెక్కి పట్టేస్తే గీతలుంటాయి. గీతలు లేకపోతే తప్పు నాది. నేను ఆవిడ మొహం చూడలేకపోతున్నానురా, ఏదో ఒకటి తేలాలి. తేలాక దాన్ని మళ్ళీ ఆడేటట్టు చెయ్యి."

తప్పించుకునే దారి లేక సరేనన్నాను.

ప్లగ్గు తీసి అందులోంచి పది రోజులు కిరసనాయిలు పోసి నానబెట్టాను. కదల్లేదు. కాలిన ఆముదం ఎండితే బంకలా పట్టుకుంటుంది. ఒక ఆదివారం, అన్నయ్య పల్లెకి వెళ్ళాక, అమ్మ చేత కాగు నిండా నీళ్ళు కాయించి సిలిండరు మీద పోస్తూ, కొయ్య దిమ్మెతో మెల్లగా తట్టాను. మధ్యాహ్నానికి ఊడి చేతిలోకొచ్చింది. ఆదివారమే ఎందుకు పెట్టుకున్నానో నాకు తెలుసు.

పిస్టన్ ఒక పక్కంతా గీరుకుపోయి ఉంది. దాని అల్యూమినియం కరిగి సిలిండరు గోడకి పూసుకుపోయింది. ఆయిలు పైకి తెచ్చే సన్న గొట్టం విప్పి పిన్నీసుతో పొడిస్తే, బూడిదరంగు ముద్ద ఒకటి విరిగిన పాలలా జారి నా గోటి మీద పడింది. నా అర్ధశేరు అది. ఆయిలందక పట్టేసింది. అన్నయ్య తప్పు ఆవగింజంత లేదు.

ఆ పిస్టన్ అలాగే బల్ల మీద పెట్టి ఉంచితే సరిపోయేది. నేనొక మాట కూడా అనక్కర్లేదు. కాని గీతలు చూస్తే ఆయిలు ఎందుకు అందలేదని అడుగుతాడు. లెక్కల మాస్టారు, మధ్యలో ఆగే మనిషి కాదు. గొట్టం పెట్రోలు పోసి కడిగేశాను. పిస్టన్ గుడ్డలో చుట్టి సంచిలో పడేశాను.

సాయంత్రం బస్సు దిగి, ఇంటికైనా వెళ్ళకుండా వచ్చాడు.

"ఏమైంది?"

"తుప్పన్నయ్యా. మూడేళ్ళు నిలబడిపోయింది కదా, సిలిండరు తినేసింది. పిస్టనుతో సహా కొత్తది వెయ్యాలి."

"గీతలు?"

"లేవు."

చూపించమని అడుగుతాడని సంచి కేసి చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాను. అడగలేదు. తమ్ముడి మాట మీద అంత నమ్మకం. కాసేపు కూర్చుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ గుమ్మం దగ్గర ఆగి, "ఆడాక చూద్దాం. నడిచే ఇంజనులో ఇంకేదైనా లోపం ఉంటే బయటపడుతుంది" అన్నాడు. ఇంకా ఆశ పెట్టుకున్నాడు.

మర్నాడు సిలిండరు, పిస్టన్ పట్టుకుని విజయవాడ వెళ్ళాను. అక్కడ లేతు పనిలో జుట్టు నెరిసిన ఒక పెద్దాయన పిస్టన్ని వెలుగులో తిప్పి చూశాడు. "ఆయిలందక పట్టేసిందండీ ఇది. ఏం పోశారేంటి దీన్లో?" అన్నాడు. ఆయన నా మొహం చూసి మళ్ళీ అడగలేదు. సిలిండరుకి లోపల కొత్త తొడుగు వేసి, పాతదాని కొలతలు తీసుకుని కొత్త పిస్టన్ పోతపోయించి లేతు పట్టి ఇచ్చాడు. అంత పని తెలిసిన చేతులు నేను మళ్ళీ చూళ్ళేదు. పాత పిస్టన్ ఏం చెయ్యమంటారంటే, మీ పోతలో కరగబెట్టెయ్యండి అన్నాను.

తర్వాతి మూడు నెలలు నా జీవితంలో అతి హీనమైన నెలలు. ఎందుకంటే అన్నయ్య సంతోషంగా ఉన్నాడు. బడి వదలగానే వచ్చి, పంచె ఎగ్గట్టి, స్టూలు మీద ఆ పొట్టి కాలు చాపుకుని, ఒక్కొక్క మరనీ పెట్రోల్లో ముంచి పళ్ళు తోమినట్టు తోమేవాడు. నేను వాల్వులు పేస్టు పెట్టి అరగదీస్తుంటే, కిరసనాయిలు పోసి కారుతుందేమో చూసేవాడు. కారితే, "మళ్ళీ చెయ్యి. తొందర దేనికి, నీ ఆయిలింజనా ఇది?" అని వెక్కిరించేవాడు. ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోకి కొత్త తీగ చుట్టించడానికి నాతోబాటు విజయవాడ వచ్చి, చుట్టేవాడికి పాఠం చెప్పబోయి తిట్లు తిన్నాడు. పంచెగుడ్డలో మళ్ళీ ఆముదం వడగట్టాడు. ఈసారి డబ్బా మీద సున్నంతో 'బండికి' అని రాశాడు. అప్పటికి మూడేళ్ళు దాటిన నా కూతురు ఆ అక్షరాల మీద వేలు పెట్టి రాస్తుంటే ఎత్తుకుని ముద్దాడాడు.

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం బండి రోడ్డు మీదికి తెచ్చాం. అన్నయ్య పరిగెత్తలేడు కాబట్టి నేనే తోశాను. ఇరవై అడుగులు పరిగెత్తి క్లచ్చి వదిలితే మొదట దగ్గింది, రెండోసారి అందుకుంది. చుట్టుపక్కల కొట్లలో వాళ్ళంతా బయటికొచ్చారు. బుల్లెట్ల చప్పుడు అలవాటైన చెవులకి అదో కొత్త మోత, గొంతు చించుకుని పాడినట్టు. ఆముదం కాలిన కమ్మటి వాసన రోడ్డంతా కమ్ముకుంది. తిప్పి తీసుకొచ్చి అన్నయ్య ముందు ఆపితే, ఆయన పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, తల వంచి విన్నాడు. పెంచమన్నాడు, పెంచాను. తగ్గించమన్నాడు, తగ్గించాను. చాలా సేపు విన్నాక ఆపెయ్యమని చెయ్యూపాడు.

"ఏ లోపమూ లేదురా" అన్నాడు.

నేను వంగి పెట్రోలు కట్టేశాను.

"అయితే నేనే." లెక్క చేసి కింద జవాబు చదివినట్టే అన్నాడు. కుంటుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇది నేను ముందు ఊహించి ఉండాల్సింది. గీతలు దాచింది నా తప్పు దాచుకోడానికే అనుకున్నాను గాని, ఇంజను బాగుచేసిన కొద్దీ అన్నయ్యకి మిగిలిన ఆశ నా చేతుల్తో తీసేస్తున్నానని తోచలేదు. అన్నయ్య షెడ్డుకి రావడం మానేశాడు. బళ్ళో సుద్దముక్క పట్టుకుని బోర్డు కేసి చూస్తూ నిలబడిపోతున్నారని పిల్లలు చెప్పుకునేవారు. ఆ ఆదివారం పల్లెకి వెళ్ళి, తప్పు తనదేనని తేలిందని ఆవిడకి చెప్పి వచ్చాడట. ఆ మాట అమ్మతో అంటుంటే విని, నేనిక ఆగలేకపోయాను.

పెరట్లో నూతి దగ్గర కూర్చుని ఉంటే వెళ్ళి చెప్పాను. "అన్నయ్యా, ఆయిలు నేను కలిపాను. నల్ల డబ్బాలోది. పిస్టన్ మీద గీతలున్నాయి. నీకు అబద్ధం చెప్పాను."

నా వంక జాలిగా చూశాడు. "నన్ను ఓదార్చడానికి ఇలాంటివి కల్పించకురా. పిస్టనేదీ?"

"కరగబెట్టించేశాను."

"సరేలే. వెళ్ళు."

తిట్టినా, కొట్టినా భరించేవాణ్ణి. నమ్మలేదు. నిజం చెబితే నమ్మించడానికి చేతిలో ఏదీ మిగలకుండా నేనే జాగ్రత్తపడ్డానాయె. ఒళ్ళు మండిపోయింది, ఆయన మీద కాదు, నా మీద.

మర్నాడు ఖాళీ మందు సీసా ఒకటి కడిగి ఆరబెట్టి, సగం ఆముదం, సగం ఇంజనాయిలు పోసి, చెయ్యి నొప్పెట్టేదాకా ఊపి, తీసుకెళ్ళి ఆయన రాసుకునే బల్ల మీద పెట్టాను. ఊపినప్పుడు మజ్జిగలా తెల్లబడింది. సాయంత్రం బడినించి వచ్చేసరికి పైన ఒక నూనె, కింద ఒక నూనె, మధ్యలో తెట్టు. అన్నయ్య సీసా కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. తనే ఊపి పెట్టాడు. పొద్దున్నకి మళ్ళీ విడిపోయింది. నాలుగు రోజులు ఇలా ఊపుతూ, పెడుతూ, చూస్తూ ఉన్నాడు. ఐదోరోజు షెడ్డుకి వచ్చి నిలబడే అడిగాడు.

"ఎంత పోశావు?"

"అర్ధశేరు."

"ఎందుకు?"

"ఆముదం పిల్ల మాడుకి వాడేశాం. నువ్వు అరుస్తావని."

నా కూతురు అక్కడే గుమ్మంలో నట్లు దండ గుచ్చుతోంది. అన్నయ్య దానివంక చూశాడు. తల మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాడు. ఆయన అరుస్తాడని మూడేళ్ళ కిందట భయపడ్డ నేను, ఇప్పుడు అరిస్తే బాగుండునని నిలబడి ఉన్నాను. అరవలేదు.

"ఆదివారం నువ్వూ రా" అన్నాడు.

బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం. ఆముదం సీసా అన్నయ్య ఒళ్ళో ఉంది. పల్లెలో ఆవిడ మమ్మల్ని చూసి, చేపల చేట పక్కకి నెట్టి, అన్నయ్యకి చాప దులిపి వేసింది. నాకు వెయ్యాలో లేదో తెలియక చూసింది. అన్నయ్య కూర్చోలేదు.

"మా తమ్ముడు. మీకొక సంగతి చెప్పాలట" అన్నాడు.

చెప్పాను. మాడుకి పెట్టిన ఆముదం నించి కరగబెట్టిన పిస్టన్ దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆవిడ తిడుతుందని, దుమ్మెత్తి పోస్తుందని అనుకున్నాను, పొయ్యాలనే కోరుకున్నాను. ఆవిడ వింటున్నంతసేపూ నన్ను చూడలేదు. అన్నయ్యనే చూసింది.

"అయితే పెద్దబాబు తప్పేం లేదా?" అంది.

"లేదమ్మా."

ఆవిడ మొహంలో సంతోషం లాంటిదేదో వచ్చి, అంతలోనే పోయింది.

"అయితే ఇంక నువ్వు రావా బాబూ?" అని అడిగింది.

అన్నయ్య ఆ మాటకి సిద్ధంగా లేడు. నేనూ లేను. మూడేళ్ళుగా ఆయన తన తప్పు చూసుకోడానికి వెళ్తున్నాడు, ఆవిడేమో తన ఇంటికొచ్చి కూర్చునే మనిషికోసం ప్రతి ఆదివారం ఎదురు చూస్తోంది. అన్నయ్య సీసా అరుగు మీద పెట్టి, "ఎందుకు రానమ్మా" అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. నేను సరిగ్గా అలాగే "గీతలు లేవు" అన్నాను.

ఆయన మళ్ళీ వెళ్ళలేదు. ఆయన్ని నేను తప్పు పట్టలేను. మూడేళ్ళు మోసిన బరువది, దించాక మళ్ళీ ఆ గుమ్మంలోకి ఎలా వెళ్తాడు? బండి కూడా ఎక్కలేదు. కొన్నాళ్ళకి దూరప్రాంతంనించి ఎవరో వచ్చి ముచ్చటపడితే ఇచ్చేశాడు. నాతో మాట్లాడేవాడు, పండక్కి పిల్లకి గౌను తెచ్చేవాడు, భోజనాలప్పుడు పక్కనే కూర్చునేవాడు. కాని నా షెడ్డులో స్టూలు మీద మళ్ళీ కూర్చోలేదు.

తర్వాతి ఆదివారంనించి ఆముదం సీసా పట్టుకుని నేనే వెళ్ళాను. ఆవిడ బతికున్నన్నాళ్ళూ వెళ్ళాను. ఆవిడ ఎప్పుడూ నన్నొక్క మాట అనలేదు. చాప వేసేది, మంచినీళ్ళిచ్చేది. కాని నేను బస్సు దిగి ఆ దారిన నడిచి వస్తుంటే, ప్రతిసారీ, ముందు నన్ను చూసి, తర్వాత నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసేది.